పాపకి జలుబు చేసింది, ఏం చేద్దాం?

"పడిశం పది రోగాల పెట్టు" అన్నారు మన పెద్దవాళ్ళు. "మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు" అన్నదీ వాళ్ళే. ఈ రెండు మాటల మధ్య నలిగిపోతున్నది మాత్రం పరాయి దేశంలో చంటిపిల్లల్ని పెంచుకుంటున్న మనం.

ఇక్కడ అమెరికాలో సెప్టెంబరు వచ్చిందంటే డే కేర్లు, స్కూళ్ళు మళ్ళీ నిండిపోతాయి. రెండు వారాలు తిరక్కుండానే ఇంట్లో మొదటి తుమ్ము వినిపిస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చెవులు చూసి, ఊపిరితిత్తులు విని, "వైరస్, దానంతటదే తగ్గిపోతుంది, మందేమీ అక్కర్లేదు" అని పంపించేస్తారు. ఆ మాటే గుంటూరులో ఉన్న మా అమ్మకి వీడియోలో చెబితే "అదేం డాక్టరురా నాయనా, పసిపిల్ల ముక్కు ఆడక గిలగిల్లాడుతుంటే ఉత్త చేతులతో పంపేస్తారా?" అంది. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. జలుబుకి మందు లేదన్న మాట నిజం. అలాగని చెయ్యాల్సిన పని లేదనుకుంటే పొరపాటు. ఆ పని ఏమిటో, ఏ పని చెయ్యకూడదో నలుగురికీ పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. ఇంజినీరింగులో మాస్టర్స్ చేసి, పగలంతా ప్రోగ్రాములు రాసుకునే మామూలు ఉద్యోగిని. మా పాప డే కేర్‌లో చేరిన మొదటి చలికాలంలో డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నవీ, ఆ తర్వాత చదివి రూఢి చేసుకున్నవీ ఇవి. మీ పిల్లల సంగతిలో మీ డాక్టరు గారి మాటే చివరి మాట.

జలుబు ఎందుకొస్తుంది?

మా ఇంట్లో జలుబుకి కారణాల జాబితా పెద్దదే. అరటిపండు తింది, పెరుగు తింది, తలంటు పోసుకుని ఆరకముందే బయట తిరిగింది, మంచులో ఆడింది. నిజానికి వైరస్ సోకకుండా ఉత్త అరటిపండుకో, తడి జుట్టుకో జలుబు రాదు. జలుబు తెప్పించే వైరస్‌లు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేవి రైనోవైరస్‌లు. వీటిలోనే నూట అరవైకి పైగా రకాలున్నాయి. ఒక రకాన్ని శరీరం గుర్తుపట్టి కాచుకోవడం నేర్చుకునేలోపు ఇంకో రకం తయారు. అందుకే టీకా లేదు. అందుకే చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలు. డే కేర్‌కి వెళ్ళే పిల్లలకి పది, పన్నెండు కూడా రావచ్చు.

ఈ అంకెలు తెలిశాక మా ఆవిడా నేనూ ఊపిరి పీల్చుకున్నాం. అక్టోబరు నుంచి మార్చి దాకా లెక్కేస్తే నెలకొకటి కన్నా ఎక్కువే. ఒక్కొక్కటీ పది రోజులుంటే, పిల్ల చలికాలమంతా ముక్కు కారుస్తూనే ఉన్నట్టు కనబడుతుంది. "దీనికి రోగనిరోధక శక్తి లేదేమో" అని భయపడక్కర్లేదు. బరువు సరిగ్గా పెరుగుతూ, మధ్య మధ్యలో హాయిగా ఆడుకుంటూ ఉంటే చాలు.

జలుబు నడక కూడా ఇంచుమించు ఒక పద్ధతిలో ఉంటుంది. మొదటి రోజు తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, కొంచెం చిరాకు, ఒక్కోసారి జ్వరం. రెండు, మూడు రోజులకి బాగా ముదురుతుంది. తర్వాత చీమిడి చిక్కబడి పసుపు, ఆకుపచ్చ రంగులకి మారుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి యాంటీబయాటిక్ అడుగుతారు. రంగు మారడం జలుబు నడకలో భాగమే. యాంటీబయాటిక్‌లు బాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్ మీద పనిచెయ్యవు. అక్కర్లేని చోట వాడితే విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు మిగులుతాయి. పదో రోజుకి చాలావరకు తగ్గుతుంది. దగ్గు మాత్రం ఇంకో వారం అటూ ఇటూగా సాగుతుంది.

ముక్కు ఆడితే సగం పని అయినట్టే

చంటిపిల్లల కష్టమంతా ముక్కులోనే ఉంది. మొదటి కొన్ని నెలలు పసికందులు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు. పాలు తాగేటప్పుడు నోరు పాలతో నిండి ఉంటుంది, ముక్కేమో మూసుకుపోయి ఉంటుంది. రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడవడానికి కారణం ఇదే. ఆకలి లేక కాదు.

దీనికి ఉపాయం ఉప్పునీటి చుక్కలు. మందుల షాపుల్లో పిల్లల సెలైన్ చుక్కలు మూడు, నాలుగు డాలర్లకి దొరుకుతాయి. ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, రబ్బరు బల్బ్ సిరంజితో మెల్లగా లాగాలి. బల్బుని ముందే నొక్కి పట్టుకుని, ఆ తర్వాత ముక్కు అంచున పెట్టి వదలాలి. పాలిచ్చే ముందు, పడుకోబెట్టే ముందు చేస్తే ఎక్కువ ఉపయోగం. రోజుకి మూడు నాలుగు సార్లు చాలు. అస్తమానం లాగుతుంటే లోపలి పొర వాచి, ముక్కు ఇంకా బిగుసుకుపోతుంది. పెద్దవాళ్ళు వాడే ముక్కు స్ప్రేలు చిన్నపిల్లలకి వెయ్యకూడదు.

ఇక్కడి ఇళ్ళల్లో హీటర్ వేస్తే గాలి ఎండిపోతుంది. చల్లటి పొగమంచులా తేమ వదిలే హ్యూమిడిఫయర్ గదిలో పెడితే చీమిడి గట్టిపడకుండా ఉంటుంది. దాంట్లో నీళ్ళు రోజూ మార్చి, తుడిచి ఆరబెట్టాలి. లేకపోతే బూజు పట్టి, ఆ బూజే గదంతా చల్లుతుంది. వేడి ఆవిరి పట్టడం మాత్రం చంటిపిల్లలకి వద్దు. మరిగే నీళ్ళ గిన్నె, దుప్పటి, కాళ్ళు చేతులు కొట్టుకునే పిల్ల, మూడూ ఒకచోట చేరితే ఒళ్ళు కాలే ప్రమాదం ఉంది. బాత్‌రూములో వేడినీళ్ళ షవర్ తిప్పి, తలుపు మూసి, పిల్లని ఎత్తుకుని పది నిమిషాలు బయట కూర్చుంటే అంతే హాయిగా ఉంటుంది.

తిండి, నిద్ర

జలుబు చేసిన పిల్లలు సరిగ్గా తినరు. రెండు మూడు రోజులు అన్నం తగ్గినా నష్టం లేదు, తాగడం తగ్గకుండా చూసుకోవాలి. ఆరు నెలల లోపు పిల్లలకి తల్లిపాలు లేదా ఫార్ములా, అంతే. మన ఇళ్ళల్లో అలవాటుగా పట్టే గోరువెచ్చటి నీళ్ళు కూడా ఆ వయసులో వద్దు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టాలి. అన్నం తినే వయసు పిల్లలకి పప్పుకట్టు, పల్చటి చారన్నం, గంజి, అన్నీ మంచివే. పెరుగన్నం అలవాటున్న పిల్లకి జలుబు చేసిందని మానిపించక్కర్లేదు. అది ఒక్కటే తింటానంటే అదే పెట్టండి.

తగినంత తాగుతున్నారో లేదో తెలుసుకోవడానికి డైపరే మన థర్మామీటరు. ఆరు గంటలకొకసారైనా తడుస్తుంటే ఫరవాలేదు.

ఇక నిద్ర. ముక్కు దిబ్బడ పడితే తల కింద దిండు పెట్టడం మనందరికీ అలవాటు. ఏడాది లోపు పిల్లలకి దిండు, బొంత, మెత్తటి బొమ్మ, ఏదీ పక్కలో ఉండకూడదు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరాడక నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం తప్పించడానికే ఈ జాగ్రత్త. నిటారుగా ఉంటే హాయిగా ఉంటుందనిపిస్తే మనం మేలుకుని ఎత్తుకోవాలి. అలా ఎత్తుకుని సోఫాలో కునుకు తీయడం ఇంకా ప్రమాదం. మేమిద్దరం రాత్రిని రెండు షిఫ్టులుగా పంచుకున్నాం. ఆఫీసులో ప్రొడక్షన్ సపోర్టు చేసిన వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు!

జ్వరం మందు, లెక్కల తేడా

జ్వరం శత్రువు కాదు, శరీరం వైరస్‌తో పోరాడే పద్ధతుల్లో అదొకటి. పిల్ల ఆడుతూ, తాగుతూ ఉంటే 101 డిగ్రీల ఫారన్‌హీట్ చూసి మందు పొయ్యక్కర్లేదు. నీరసపడి, నొప్పితో ఏడుస్తుంటే ఇవ్వాలి.

ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, ఇండియాలో పారాసెటమాల్ అంటారు. రెండూ ఒకటే మందు. ఇక్కడి టైలెనాల్, అక్కడి క్రోసిన్, కాల్పాల్ లోపల ఉన్నది అదే. మూడు నెలల లోపు పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఇది కూడా ఇవ్వకూడదు. ఐబుప్రొఫెన్ ఆరు నెలలు నిండాకే. ఆస్పిరిన్ పిల్లలకి అసలే వద్దు. వైరల్ జ్వరాల్లో ఆస్పిరిన్ ఇస్తే మెదడుని, కాలేయాన్ని దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ అనే జబ్బు రావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మోతాదు. 1999లో నాసా అంగారకుడి దగ్గరికి పంపిన నౌక ఒకటి నాశనమైపోయింది. ఒక జట్టు పౌండ్లలో, ఇంకో జట్టు న్యూటన్లలో లెక్కలు కట్టడమే కారణం. మా ఇంజినీర్లందరికీ ఈ కథ కంఠతా వచ్చు. సరిగ్గా అలాంటి తేడానే మన మందుల అలమారలో ఉంది. అమెరికాలో పిల్లల ఎసిటమినోఫెన్ 5 మి.లీ.కి 160 మి.గ్రా. ఉంటుంది. ఇక్కడ కూడా ఒకప్పుడు పసిపిల్లల చుక్కలు వేరే గాఢతలో ఉండేవి. ఆ గందరగోళం పోగొట్టడానికే 2011లో అన్నిటినీ ఒకే కొలతకి తెచ్చారు. ఇండియా నుంచి తెచ్చుకునే సిరప్‌లు 5 మి.లీ.కి 120, 125, 250 మి.గ్రా. రకాల్లో ఉంటాయి. చుక్కల మందయితే 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది.

లెక్క వేసి చూడండి. 11 కిలోలు, అంటే 24 పౌండ్ల బరువున్న పిల్లకి ఇక్కడి పట్టీ ప్రకారం ఒక మోతాదు 5 మి.లీ., అంటే 160 మి.గ్రా. అదే 5 మి.లీ. ఇండియా చుక్కల సీసాలోంచి పోస్తే 500 మి.గ్రా. లోపలికి వెళ్తుంది. మూడు రెట్లకి పైమాటే. రాత్రి రెండు గంటలకి, నిద్రమత్తులో, మసక వెలుతురులో ఈ తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఎక్కువైన పారాసెటమాల్ కాలేయాన్ని పాడుచేస్తుంది, పైకి వెంటనే ఏమీ కనపడదు కూడా. అందుకని ఇంట్లో ఒకే దేశపు, ఒకే గాఢత మందు ఉంచుకోండి. వయసుని బట్టి కాక బరువుని బట్టి మోతాదు డాక్టరు చేత రాయించి, ఫ్రిజ్ మీద అంటించండి. వంటింటి చెంచాలు పక్కన పెట్టి, మందుతో ఇచ్చిన సిరంజితోనే కొలవండి. ఇచ్చిన వేళ కాగితం మీద రాయండి. అమ్మ ఇచ్చిన గంటకి నాన్న, నాన్న ఇచ్చిన గంటకి అమ్మమ్మ ఇవ్వకుండా ఉంటుంది.

సూట్‌కేసులో వచ్చే సీసాలు

ఇండియా వెళ్ళొచ్చే ప్రతివాళ్ళ పెట్టెలోనూ ఆవకాయ పక్కన నాలుగైదు సిరప్ సీసాలుంటాయి. ఆవకాయకి అభ్యంతరం లేదు. సీసాల సంగతే ఆలోచించాలి.

జలుబు, దగ్గు సిరప్‌లు చిన్నపిల్లల్లో జలుబుని తగ్గించవు. పైగా గుండె దడ, మగత, ఫిట్స్ లాంటి ప్రమాదాలున్నాయి. 2007లో ఇక్కడి కంపెనీలు పసిపిల్లల జలుబు మందుల్ని తామే షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నాయి. 2008లో ఎఫ్.డి.ఎ. రెండేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వవద్దని హెచ్చరించింది. అదే ఏడాది కంపెనీలు నాలుగేళ్ళ లోపు వాడవద్దని సీసాల మీద రాయడం మొదలుపెట్టాయి. ఇదంతా అమెరికా వాళ్ళ చాదస్తం అనుకోకండి. 2023 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణ సంస్థ కూడా క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని ఆదేశించింది. మన ఊళ్ళల్లో "జలుబు సిరప్" అని ఇచ్చేవాటిలో చాలావరకు ఈ జంటే ఉంటుంది. కొన్నిటిలో పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. దాని మీద మళ్ళీ జ్వరం మందు పోస్తే మోతాదు రెట్టింపే.

ఇంతకన్నా ఘోరమైనది కల్తీ. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో సుమారు 70 మంది పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఇండియాలో తయారైన సిరప్‌లలో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో అదే విషం ఉన్న దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ తల్లిదండ్రులు చేసింది మనందరం చేసే పనే, జలుబు చేసిన బిడ్డకి మందు పోశారు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళ లోపు పిల్లలకి ఇలాంటి మందులు రాయవద్దనీ, ఐదేళ్ళ లోపు మామూలుగా అవసరం లేదనీ డాక్టర్లకి సూచించింది.

ఇంకో మందు నిమెసులైడ్. జ్వరం ఇట్టే దిగుతుందని ఒకప్పుడు మన దగ్గర విరివిగా వాడారు. కాలేయానికి ప్రమాదమని పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 2011లో ఇండియాలోనే నిషేధించారు. పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి.

అమ్మమ్మ వైద్యంలో ఏది ఉంచుకోవాలి?

పురుడు పోయడానికో, పిల్లని చూసుకోవడానికో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి "అది వద్దు, ఇది వద్దు" అని చెప్పడం సున్నితమైన వ్యవహారం. అందుకని ఉంచుకోవాల్సినవి ముందు చెబుతాను.

ఏడాది దాటిన పిల్లలకి తేనె మంచిదే. 2007లో పెన్ స్టేట్ వాళ్ళు 105 మంది పిల్లల మీద చేసిన పరిశోధనలో, పడుకునే ముందు ఒక మోతాదు తేనె రాత్రి దగ్గుని తగ్గించింది. ఏమీ ఇవ్వని పిల్లలకన్నా తేనె తాగిన పిల్లలు బాగా నిద్రపోయారు, దగ్గు మందు మాత్రం ఏమీ ఇవ్వనిదానికన్నా చెప్పుకోదగ్గ మేలు చెయ్యలేదు. అర చెంచా చాలు. కారం తగ్గించిన మిరియాల చారు, గోరువెచ్చటి పాలు, అన్నిటికీ మించి గంటల తరబడి ఒళ్ళో వేసుకుని జోకొట్టే ఓపిక, ఇవన్నీ అమ్మమ్మలకే సాధ్యం.

వద్దనాల్సినవి నాలుగు. మొదటిది, ఏడాది లోపు పిల్లలకి తేనె. చుక్కయినా సరే వద్దు. తేనెలో ఉండే బొటులిజం బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి, కండరాల్ని చచ్చుపడేలా చేస్తాయి. రెండోది, కొబ్బరినూనెలో కర్పూరం కాచి ఛాతీకి పట్టించడం. కర్పూరం ఒంట్లోకి చేరితే ఫిట్స్ తెప్పిస్తుంది. విక్స్ కూడా రెండేళ్ళ లోపు వద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. దేవుడి గదిలో కర్పూరం బిళ్ళలు పిల్లలకి అందకుండా పెట్టండి, చక్కెర బిళ్ళలనుకుంటారు. మూడోది, సాన మీద అరగదీసి నాలుకకి రాసే వస. అమెరికాలో 1968 నుంచీ ఆహార పదార్థాల్లో వసని నిషేధించారు. నాలుగోది, సాంబ్రాణి పొగ. వాసన బాగుంటుంది గానీ వాచి ఉన్న ఊపిరి గొట్టాలకి ఏ పొగయినా పొగే.

మా అమ్మ వచ్చినప్పుడు ఈ మాటలు నేను చెప్పలేదు. పాపని చూపించడానికి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళి, డాక్టరు గారి చేతే చెప్పించి, నేను తెలుగులో అనువదించాను. కర్పూరం మాట దగ్గర కాసేపు మౌనంగా ఉండి, "పిల్లకి మంచిది కాదంటే మానేద్దాం, దానిదేముంది" అంది. ఆవిడకి కావాల్సింది కర్పూరం కాదు, మనవరాలికి ఏదో ఒకటి చెయ్యడం. ముక్కులో చుక్కలు వేసే పని ఆవిడ చేతికే అప్పగించాం.

ఎప్పుడు పరుగెత్తాలి?

"మామూలు జలుబే" అని కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూడు నెలల లోపు పాపకి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే, అర్ధరాత్రయినా డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. పిల్ల నిద్రలోనో, ప్రశాంతంగానో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, ఈ అంకెల్ని అందుకున్నా, దాటినా అది వేగం కిందే లెక్క. మన ఊళ్ళో "డొక్కలు ఎగరేస్తోంది" అంటారే, అదే అసలు గుర్తు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం, ముక్కుపుటాలు ఎగరడం, ప్రతి ఊపిరికీ మూలగడం, పిల్లికూతలు, వీటిలో ఏది కనబడినా ఆగకూడదు. పెదవులు నీలంగా మారినా, లేపినా లేవకపోయినా 911కి ఫోన్ చెయ్యాలి.

ఎనిమిది గంటలు డైపర్ తడవకపోవడం, జ్వరం మూడు రోజులు దాటడం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం రావడం, చెవి పట్టుకుని ఏడవడం, పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోవడం, ఇవి ఆ రోజే డాక్టరుకి చూపించాల్సినవి. మందు మోతాదులో అనుమానం వచ్చినా, పిల్ల ఏదైనా మింగినా అమెరికాలో పాయిజన్ కంట్రోల్ వాళ్ళు 1-800-222-1222లో రాత్రీ పగలూ పలుకుతారు. డబ్బులేమీ అడగరు.

ఏడాది లోపు పిల్లల్లో ఇలా ఊపిరి ఇబ్బందికి పెద్ద కారణం ఆర్.ఎస్.వి. అనే వైరస్. పెద్దవాళ్ళకి ఉత్త జలుబుగా పోయేది, పసికందుల్లో సన్నటి ఊపిరి గొట్టాల్ని మూసేస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి పసిపిల్లలకి ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షను, గర్భిణులకి ఇచ్చే టీకా, రెండూ 2023లో అమెరికాలో ఆమోదం పొందాయి. నెలలు నిండుతున్న వాళ్ళు డాక్టరుని తప్పక అడగండి.

ఇంకొక్క మాట. మనవాళ్ళ ఇంట్లో బిడ్డ పుట్టిందంటే వారం తిరక్కుండా ఇరవై మందిమి చూడ్డానికి వెళ్తాం. ముక్కు కారుతుంటే ఆ వారం ఆగండి. వెళ్తే సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కుని ఎత్తుకోండి. బారసాల బహుమతి కన్నా అది పెద్ద బహుమతి.

జలుబుని మనం తగ్గించలేం. పది రోజులు పిల్లకి ఊపిరాడేట్టు, గొంతు తడారకుండా, నిద్ర పట్టేట్టు చూసుకుంటూ, ప్రమాదం గుర్తుపట్టడానికి ఒక కన్ను వేసి ఉంచగలం. మందు లేని చోట మనిషి ఉండాలి. ఆ పని అమెరికాలో అయినా, ఆముదాలవలసలో అయినా ఒకటే.

మీ పిల్లలంతా చల్లగా ఉండాలని కోరుకుంటూ సెలవు. చల్లదనానికి జలుబు రాదని పైనే చెప్పుకున్నాం కదా!